వాసెన కట్టిన సీసా

సుందర్ రాజ్ గారి గరాజ్‌లో ఫొటో మాయమవడం మొదటిసారి చూసిన రోజు చంద్రిక ఇంటికి వెళ్ళి, పప్పు కుక్కర్‌లో పెట్టి, స్టవ్ వెలిగించకుండానే విజిల్ కోసం పావుగంట నిలబడింది.

మాయమైంది మామూలు ఫొటోయే. బాపట్ల సముద్రపొడ్డున వల ఆరబెట్టుకుంటున్న మనిషి. నల్లగా, స్పష్టంగా, ఎవరూ చెరపలేనంత గట్టిగా కాగితం మీద ఉన్నాడు. సుందర్ రాజ్ గారు ఆ కాగితాన్ని పసుపు నీళ్ళలాంటి ద్రావకం ఉన్న ట్రేలోకి జార్చి, ట్రే అంచు పట్టుకొని నెమ్మదిగా ఊపారు. నాలుగు నిమిషాల్లో మనిషి లేడు, వల లేదు, సముద్రం లేదు. లేత గంధం మరకలాంటిదేదో మిగిలింది. దాన్ని కడిగి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే రెండో ట్రేలో వేశారు. అర నిమిషం గడిచిందో లేదో, మనిషి వచ్చేశాడు. వలతో సహా వచ్చాడు. నలుపంతా పోయి, ముదురు బెల్లం పాకం రంగులో నిలబడ్డాడు.

చంద్రిక గుంటూరులో బీయస్సీ కెమిస్ట్రీ చదివింది. ఫొటోలో నల్లగా కనబడేదంతా సన్నటి వెండి పొడి. మొదటి ట్రేలో ఆ వెండి బ్రోమైడ్ అవుతుంది, రెండో ట్రేలో ఆ బ్రోమైడ్ సల్ఫైడ్ అవుతుంది. ముప్ఫై ఏళ్ళ క్రితం ఇలాంటి సమీకరణాలు రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది. కానీ అక్కడ పెట్టే ఆ చిన్న బాణం గుర్తు మధ్యలో ఇంత జరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అది రెండేళ్ళ క్రితం మాట. అమెరికాలో, శాన్ రామన్‌లో వాళ్ళ ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండే దెబోరా గారి దగ్గరకు గోంగూర నారు కోసం వెళ్ళి, గరాజ్‌లో ట్రేలు చూసి ఆగిపోయింది. సుందర్ రాజ్ గారు దెబోరా గారి భర్త. బాపట్లలో స్టేషన్ రోడ్డు మీద నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. కూతురు ప్రిస్సిల్లా దగ్గరకు వచ్చేశాక గరాజ్‌లో మూడో కారు పట్టే చోటును నల్ల ప్లాస్టిక్ తెరలతో మూసి, ఫొటోలు పెద్దవి చేసే తన ఎన్‌లార్జర్, ట్రేలు అక్కడ పెట్టుకున్నారు. పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళిపోయి, భర్త నరసింహ పొద్దున్న లాప్‌టాప్ తెరిస్తే సాయంత్రం దాకా తల ఎత్తని ఇంట్లో, చంద్రికకు శనివారాలు ఖాళీ. ఆ శనివారాలు ఇక్కడికి వచ్చాయి.

ఆమె ముందు నేర్చుకున్నది ఫొటో చెయ్యడం కాదు, సీసాలు పెట్టడం. గోధుమరంగు గాజు సీసాలు, గొంతు దాకా నింపి, మూత బిగించి ఉండాలి. గాలి తగిలితే మందు చచ్చిపోతుంది. కొంచెం వాడాక మట్టం తగ్గుతుంది కదా, ఆ ఖాళీలో గాలి చేరకుండా సుందర్ రాజ్ గారు సీసాలో గాజు గోళీలు వేసేవారు. మళ్ళీ గొంతు దాకా వచ్చే వరకు ఒక్కొక్కటే వేసేవారు. ఏ సీసా ఎత్తినా లోపల గోళీలు గలగలమనేవి.

"పసుపు నీళ్ళ పొడీ, ఆసిడ్డూ ఒకే అరలో పెట్టమాక అమ్మాయ్," అని చెప్పారు. "కలిశాయంటే విషపు గాలి. ఆ కంపుకొట్టే సల్ఫైడ్ అసలు ఈ గదిలోనే ఉండగూడదు. దాని ఆవిరికే కొత్త పేపరంతా మసకేసుద్ది. అందుకే ఇంటి పక్కన ఆ చెక్క బీరువాలో పెట్టా."

చంద్రిక ఒక్క మాటా రెండోసారి చెప్పించుకోలేదు. పైగా తన పద్ధతులు కొన్ని తెచ్చింది. ఒక్కో ట్రేకి ఒక్కో పట్టకారు. ఏది దేనిదో తెలియడానికి వాటి కాడలకు ఎర్ర దారం, పచ్చ దారం, తెల్ల దారం చుట్టింది. ఎర్ర దారంది తెల్ల దారపు ట్రేలో పడితే ఆ ట్రేలో మందంతా పారబోసి కొత్తది కలిపేది.

"ఒక్క చుక్క తగిలితే ఏమవుద్ది?" అన్నారాయన ఒకసారి.

"ఎంగిలి అవుతుంది, అంకుల్."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "దెబోరా! ఇదుగో, ఈ అమ్మాయి నా డార్క్‌రూమ్‌కి మడి కట్టింది!"

"మంచిదే," అంది వంటింట్లోంచి దెబోరా గారు. "నలభై ఏళ్ళ నుంచి ఆ కంపులో ఉన్న మనిషికి ఎవరో ఒకరు కట్టాలి."

*

ఈ ఆగస్టు శనివారం మాయం కావలసిన ఫొటో దెబోరా గారిది.

బాపట్లలో పెళ్ళికూతుళ్ళందరినీ తీసిన మనిషి తన భార్యను ఒక్కసారీ తీయలేదు. తీయనివ్వలేదు ఆవిడ. వాళ్ళ పెళ్ళినాడు, సుందర్ రాజ్ గారు ఇంకా స్టూడియోలో పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఆయన గురువు తీసిన ఫిల్ము మొత్తానికి వెలుతురు తగిలి పాడైపోయింది. చర్చి మెట్ల మీద నిలబడ్డ పెళ్ళికూతురు ఒక్క ఫొటోలోనూ రాలేదు. "నేను కాగితం మీద నిలిచే మనిషిని కాదులెండి," అని అప్పుడు అన్న మాట, పాస్‌పోర్టుకు తప్ప, యాభై రెండేళ్ళు నిలబెట్టుకుంది.

పోయిన అక్టోబరులో కళ్ళ డాక్టరు సుందర్ రాజ్ గారికి ఒక మాట చెప్పింది. రెండు కళ్ళలోనూ చూపు మధ్యలో మచ్చ పెరుగుతోంది, అంచుల్లో చూపు ఉంటుంది కానీ నడిమధ్య పోతుంది, ఒక ఏడాది పట్టొచ్చు, ఇంకా తక్కువే పట్టొచ్చు. ఇంటికి వచ్చాక దెబోరా గారు వెనక పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చుంది.

"తియ్యండి," అంది. "ఎట్టాగూ నన్ను చూట్టం మానేస్తారంట గదా."

ఒకటే రోలు తీశారు. అందులో ఒకటి ఎంచుకున్నారు. బాపట్ల నుంచి తెచ్చుకున్న పాత మందపాటి పేపరు డబ్బాలో ఆఖరి కాగితం మిగిలి ఉంది. ఆ పేపరు తయారుచేసే కంపెనీయే ఇప్పుడు లేదు. దాని మీద, కనబడుతున్న చివరి నెలల్లో, ఎన్‌లార్జర్ కింద ఆవిడ ముఖం మీద పడే వెలుతురును వేళ్ళతో అడ్డుకుంటూ, వదులుతూ ఒక్క ప్రింటు చేశారు. ఆ తర్వాత ఇంకేదీ చెయ్యలేకపోయారు.

ప్రిస్సిల్లా దాన్ని స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకుంది. "పోయినా భయం లేదు కదా డాడీ," అంది. ఆయన తల ఊపారు గానీ చంద్రికతో అన్నారు: "నెగెటివ్ ఉంది. స్కానింగూ ఉంది. కానీ ఆ వెలుతురు పట్టుకున్న చెయ్యి మళ్ళీ రాదమ్మాయ్."

ఆ బెల్లం పాకం రంగు పట్టించని, టోనింగ్ చెయ్యని పోర్ట్రెయిట్ ఆయన లెక్కలో సగం వండిన అన్నం. పెళ్ళికూతుళ్ళందరినీ బ్రౌన్ చేసే ఇచ్చారు. వందేళ్ళు ఉంటుంది, రంగు దిగదు. తన భార్యది కూడా ఆ రంగులోకి రావాలి, అదీ తన కంటి అంచుల్లో ఆ రంగు ఇంకా తెలుస్తుండగానే రావాలి. ఆయన కోరిక అది. దెబోరా గారు ఇంతవరకూ ఆ ప్రింటు చూడలేదు. "పూర్తయ్యాక చూస్తా. నేను సగంలో చూసి వంకలు పెట్టనా ఏంది," అని ఊరుకుంది.

"నువ్వు చెయ్యాలమ్మాయ్," అన్నారు సుందర్ రాజ్ గారు. "నాకు ట్రే కనబడుతోంది, ట్రేలో ఏముందో కనబడట్లా."

*

చంద్రిక ఎనిమిదిన్నరకల్లా వచ్చి ప్రింటును కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు పోసి, ఊపి, ఒంపి, మళ్ళీ పోసి. ప్రింటులో పాత హైపో చుక్క మిగిలి ఉన్నా పసుపు ట్రేలో అది వెండిని కరిగించి పట్టుకుపోతుందని చదువుకుంది. హైపో అంటే ఫొటో పూర్తయ్యాక మిగిలిన బ్రోమైడ్‌ను కరిగించి కడిగేసే మందు.

పక్కన కుర్చీలో కూర్చున్న సుందర్ రాజ్ గారికి నీళ్ళ చప్పుడు ఒక్కటే వినబడుతోంది. "అది ఫొటోనా, బియ్యమా? ఎన్నిసార్లు కడుగుతావ్? తొమ్మిది నెలల క్రితమే కడిగా గదా నేను!"

"మీరు కడిగింది మీ లెక్క అంకుల్."

"అంటే నాది లెక్క కాదనా?"

"ఇంకో అరగంట అంకుల్."

గంటా పావు కడిగింది. తర్వాత ఒక పనికిరాని ప్రింటు నుంచి మూడు సన్నటి ముక్కలు కత్తిరించి పక్కన పెట్టుకుంది. అసలుది వేసేముందు ప్రతి ట్రేలోనూ ముక్క వేసి చూడటం ఆమె అలవాటు. కూర దించేముందు అరచేతిలో చుక్క వేసుకొని చూడటం లాంటిదే.

మూడు ముక్కలూ పసుపు ట్రేలో చక్కగా వెలిసిపోయాయి. అప్పుడు ప్రింటును రెండు చేతులతో ఎత్తి, ఒక్క క్షణం చూసింది. ప్లాస్టిక్ కుర్చీలో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. ఏదో మాటకు అప్పుడే తల తిప్పినట్టు, పెదవి ఒక పక్కకు కొంచెం లేచి ఉంది. చంద్రిక దాన్ని ట్రేలోకి జార్చింది.

"చెప్పమ్మాయ్," అన్నారాయన.

"బుగ్గలు పలచబడ్డాయి. చీర మడతలు పోయాయి." ట్రే ఊపుతూనే ఉంది. "మెడ పోయింది. వెనక కంచె పోయింది. జుట్టు పోతోంది."

"కళ్ళు?"

"ఉన్నాయి."

కళ్ళు చాలాసేపు ఉన్నాయి. ముఖం లేని తెల్లటి కాగితం మీద రెండు చుక్కలు. రెండేళ్ళుగా ఇది ఎన్నోసార్లు చూసినా, తెలిసిన మనిషి ఇలా వెళ్ళిపోవడం చంద్రిక చూడలేదు. ఆ చుక్కలూ లేతబడి, కాగితంలోకి ఇంకిపోయాయి.

"పోయింది అంకుల్."

"పోనీ. వచ్చుద్ది. కడుగు."

పసుపు చాయ పూర్తిగా వదిలేదాకా కడిగి, ప్రింటును మంచినీళ్ళ ట్రేలో ఉంచింది. గరాజ్ పక్క తలుపు తెరిచి బయట చెక్క బీరువాలోంచి సల్ఫైడ్ సీసా తెచ్చింది. గొంతు దాకా నిండుగా ఉంది, ఉండవలసినట్టే. మూత తిప్పేముందు అలవాటుగా ముఖం పక్కకు పెట్టుకుంది. ట్రేలోకి ఒంపింది.

గోళీలు గలగలమనలేదు.

ఇంకోటి కూడా జరగలేదు, అదేమిటో తట్టడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. ముఖాన్ని ట్రే మీదికి వంచింది. ఇంకా దగ్గరకు వంచింది.

"ఏమిటాగావ్? కంపు తట్టుకోలేకపోతున్నావా?" అన్నారు సుందర్ రాజ్ గారు. నలభై ఏళ్ళ సల్ఫైడ్‌తో ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. "వెయ్యమ్మా, ప్రింటు వెయ్యి."

"కంపు లేదంకుల్."

"ఏందీ?"

"వాసనే లేదు. నీళ్ళలా ఉంది."

చంద్రిక మొదటి ముక్కను తెల్ల దారపు పట్టకారుతో ఆ ట్రేలో వేసింది. అర నిమిషానికి ముదురు గోధుమరంగు రావాలి. రాలేదు. నిమిషం దాటాక ఆ ముక్క మీద మిగిలి ఉన్న గంధపు చాయ కూడా కరిగిపోయి, కాగితం ఉతికిన బట్టలా తెల్లగా తేలింది.

సల్ఫైడ్‌కు గాలి తగిలితే ఏమవుతుంది? కళ్ళు మూసుకుంది. గుంటూరు కాలేజీ లాబ్, నల్లబల్ల, లెక్చరర్ గారి సుద్దముక్క. సల్ఫైడ్‌కు గాలి తగిలితే థయోసల్ఫేట్. థయోసల్ఫేట్‌నే స్టూడియోల్లో హైపో అంటారు. వెండి బ్రోమైడ్‌ను కరిగించే హైపో. బొమ్మను తిరిగి తేవలసిన సీసాలో, బొమ్మను తినేసే మందు ఉంది.

అలవాటు కొద్దీ ఆ ముక్క వెయ్యకపోయి ఉంటే, వెళ్ళిన మనిషి అటే వెళ్ళిపోయేది.

విషయం చెప్పగానే సుందర్ రాజ్ గారు లేచి నిలబడ్డారు. చెయ్యి గాలిలో వెతుక్కుంటూ బల్ల మీద హైపో సీసా వైపు వెళ్ళింది. నలభై ఏళ్ళు ఏది పాడవబోయినా ఆ చెయ్యి అటే వెళ్ళింది. "హైపోలో వెయ్యి! ముందు ఉన్నదాన్ని నిలబెట్టు!"

"వద్దంకుల్!" చంద్రిక ప్రింటున్న ట్రే మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "హైపో తగిలితే ఆంటీ ఇక లేరు."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా కిందికి దిగింది. తనకు తెలియని విషయం కాదది. తెలిసిన చెయ్యే తొందరపడింది. "నిజమే," అన్నారు కుర్చీలో కూలబడి. "నిజమేనమ్మా."

*

అరుపు విని దెబోరా గారు వచ్చింది, చేతిలో టీ కప్పుల ట్రే. "ఏంది, అయిపోయిందా? నేను చూడొచ్చా?"

ఆవిడ కళ్ళు నీళ్ళలోని తెల్ల కాగితం దాటి, బల్ల మీది గోధుమరంగు సీసా మీద ఆగాయి. ముఖం వెలిగింది.

"ఆ సీసా వాడారా? ఇప్పుడు ఎట్టా ఉంది? వాసన విరిగిపోయింది గదా?"

చంద్రిక తల తిప్పి చూసింది. "మీరేమన్నా చేశారా ఆంటీ?"

"జూన్‌లో మనింట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం గదా. పాస్టరమ్మ పక్క గేట్లోంచి వస్తా, దెబోరమ్మా ఏదో చచ్చినట్టుందే అంది. నా తల తీసేసినట్టయింది. చూస్తే ఈ సీసా. మూత తీస్తే పాడైపోయి ఉంది, కుళ్ళు కంపు. పారబోద్దామంటే ఈయన మందు. అందుకని వెడల్పు మూతి పచ్చడి సీసాలోకి ఒంపి, పాత చీరముక్కతో వాసెన కట్టి, గోడ మీద ఎండలో పెట్టా. ఆవకాయ బూజు వాసన వస్తే ఎండబెట్టమూ? ఏడు వారాలు పెట్టా, రోజూ తిప్పుతా. ఇంకిపోయిన కాడికి మరిగించి చల్లార్చిన నీళ్ళు పోసి, గుడ్డలో వడగట్టి, మళ్ళీ దాన్లోనే పోశా. పిసరు వాసన లేదు."

చంద్రిక నోరు తెరిచింది. "చేత్తో ముట్టుకున్నారా?"

"గ్లౌజులేసుకున్నాలే."

"గోళీలో?"

"సండే స్కూల్ పిల్లలకిచ్చా, బాగా కడిగి. సీసాలో గోళీలేందని నవ్వుకున్నా." ఆవిడ భర్త ముఖం చూసి ఆగింది. "ఏం? ఏమైంది?"

"ఏం లేదు," అన్నారు సుందర్ రాజ్ గారు నెమ్మదిగా. "బాగు చేశావు."

ఆయన తిట్టి ఉంటే ఆవిడ జవాబు చెప్పేది. తిట్టలేదు. ఆవిడ టీ ట్రే బల్ల మీద పెట్టి, తెల్ల కాగితం వైపు వేలు చూపించింది. "ఇదేనా నేను?"

"మీరే," అంది చంద్రిక.

"ఏం లేదే ఇందులో."

"ఉన్నారు ఆంటీ." అని తనే తన మాట విని ఆగిపోయింది. ఉంది కదా. పసుపు ట్రే వెండిని ఎక్కడికీ పంపలేదు, దానికి వేషం మార్చింది, అంతే. బుగ్గ దగ్గర బుగ్గంత, కంటి దగ్గర కన్నంత, రవ్వ తేడా లేకుండా ఎక్కడి బ్రోమైడ్ అక్కడే కూర్చుని ఉంది. కొత్త కాగితం మీద ఉండేదీ బ్రోమైడే. దాన్ని మళ్ళీ బొమ్మ చేసేది సల్ఫైడ్ ఒక్కటే కాదు. సల్ఫైడ్ బ్రౌన్ చేస్తుంది. నలుపు చేసేది ఈ గదిలోనే, అరలోనే ఉంది.

"అంకుల్, డెవలపర్!"

ఆయన తల ఎత్తారు. "మళ్ళీ డెవలప్ చేస్తావా?"

"వస్తుంది కదా? ఇది కొత్త పేపరు లాంటిదే కదా ఇప్పుడు?"

"కొత్త పేపరుకి వెలుతురు తగిలితేనే..." ఆయన వాక్యం మధ్యలో ఆగారు. "వెలుతురు తగలాలి. దీనికంతటికీ తగలాలి. అమ్మాయ్, తలుపెత్తు."

"ఏ తలుపు?"

"గరాజ్ తలుపు! పెద్దది!"

రెండేళ్ళలో ఆ తెరలు తీయడం చంద్రిక ఎప్పుడూ చూడలేదు. తీసింది. గోడ మీది బటన్ నొక్కింది. పెద్ద తలుపు మూలుగుతూ పైకి లేచింది. డ్రైవ్‌వే మీది ఎండ, ఎదురింటి బాస్కెట్‌బాల్ హూప్, వాటి వెనక ఎండుగడ్డితో సింహం వీపులా ఉన్న కొండలు, అన్నీ ఒక్కసారిగా గదిలోకి వచ్చాయి. ఎండ నేరుగా పడకుండా ట్రేలను నీడలోకి జరిపింది. నీడలోనూ అంత వెలుతురులో ఎన్‌లార్జర్ ఏదో పాత కుట్టుమిషనులా కనబడింది.

"నా జన్మలో ఎండలో డెవలప్ చెయ్యలేదు," అన్నారు సుందర్ రాజ్ గారు.

డెవలపర్ కలిపింది. ముందు రెండో ముక్క వేసింది. పది లెక్కపెట్టేసరికి ముక్క మీద నలుపు మేలుకుంది. నిమిషానికి నిండుగా వచ్చింది. మూడో ముక్కా వేసింది. అదీ వచ్చింది. ఇక వేసి చూడటానికి ముక్కలు లేవు.

ఆమె చేతులు మళ్ళీ కడుక్కుంది, పచ్చ దారపు పట్టకారు కడిగింది. ప్రింటు ఎత్తి నీళ్ళు పూర్తిగా కారనిచ్చింది.

"ఆంటీ, ఇటు రండి. ఇక్కడ నిలబడండి."

"నేనెందుకు? మళ్ళీ ఏదన్నా చేస్తా."

"రా దెబోరా," అన్నారాయన. "నాకు కనబడదు. నువ్వు చెప్పాలి."

ఆవిడ వచ్చింది. చీర కొంగుతో చేతులు తుడుచుకొని, ఏమీ ముట్టుకోనన్నట్టు రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. చంద్రిక ప్రింటును డెవలపర్‌లోకి జార్చి, ట్రే ఊపసాగింది.

ఏమీ లేదు. తెల్ల కాగితం మీద నీళ్ళు ఇటూ అటూ కదులుతున్నాయి. కొండల మీది వెలుతురు ఆ నీళ్ళలో ముక్కలవుతోంది. చంద్రిక లోపల లెక్కపెడుతోంది. ఎనిమిది. తొమ్మిది. ఆ గంటా పావులో ఎక్కడన్నా ఒక చుక్క హైపో మిగిలిపోయిందా? పదకొండు.

"ఏదో పడిందమ్మాయ్ దాని మీద," అంది దెబోరా గారు. "రెండు చుక్కలు."

"పడలేదు," అన్నారు సుందర్ రాజ్ గారు. ఆయన కుర్చీ అంచుకు వచ్చేశారు. "అవి కళ్ళు."

దెబోరా గారు ట్రే మీదికి వంగింది. చుక్కలు కళ్ళయ్యాయి. కళ్ళు తనవైపే చూశాయి. వాటి చుట్టూ గాలిలోంచి పొగమంచు దిగినట్టు, అయితే తెల్లగా కాక నల్లగా దిగినట్టు, జుట్టు వచ్చింది. పాపిట వచ్చింది. కంచె వచ్చింది. ఆవిడ వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయి నోటి మీదికి వచ్చాయి.

"చెప్పు," అన్నారాయన.

"ఉండండి."

"చెప్పవే."

"ముక్కు వస్తా ఉంది. మా అమ్మ ముక్కు. చెంప... చెంప మీద వెలుతురుందండీ. ఇంత వెలుతురెక్కడిది నా చెంప మీద?"

"నేను పెట్టా. వేళ్ళతో."

"నవ్వతా ఉంది ఈమె. నేను నవ్వలేదే?"

"నవ్వావు. అర క్షణం. అందుకే అది ఎంచా."

"మీరేదో అన్నారు నన్ను."

"ఏమన్నాను?"

"ఈ అమ్మాయి ముందు చెప్పను."

చంద్రిక ట్రే ఊపుతూనే ఉంది. ఇప్పుడు ఎవరూ చూడరని తెలిసి కళ్ళు తుడుచుకోకుండా వదిలేసింది. చీర మడతలు, చివరిగా మెడ, ఆ మెడలో సన్నటి గొలుసు. పొద్దున చూసింది చూసినట్టే, రవ్వ తగ్గకుండా, ఎక్కడిది అక్కడికి వచ్చి కూర్చుంది. తనకు తెలిసిందే ఇదంతా. బాణానికి ఈ పక్కా తెలుసు, ఆ పక్కా తెలుసు. అయినా లెక్కపెట్టడం మరిచిపోయింది.

సుందర్ రాజ్ గారు లేచి వచ్చి ట్రే పక్కన నిలబడ్డారు. తిన్నగా చూస్తే ఆయనకు మచ్చే. అందుకని ముఖం పక్కకు తిప్పి, కంటి చివరతో, చెట్టు చాటునుంచి చూస్తున్నట్టు చూశారు. చాలాసేపు చూశారు. దెబోరా గారు ఒకసారి ట్రేలోకి, ఒకసారి ఆయన ముఖంలోకి చూస్తూ ఉంది.

"యాభై రెండేళ్ళు ఆ గదిలో తలుపేసుకొని మీరు చేసేది ఇదా?" అంది చివరికి.

"ఇదే."

"ఒక్కసారీ పిలవలేదే."

"వస్తేగా. కంపన్నావు."

ఆవిడ నవ్వబోయి నవ్వలేక, ట్రే అంచు మీదున్న ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "ఇది నలుపే గదండీ. మీరు అడిగింది బ్రౌన్ గదా."

"కొత్త సల్ఫైడ్ తెప్పించాలి. వారం పట్టుద్ది." "మళ్ళీ నిన్ను మాయం చెయ్యాలి. వద్దులే. ఇట్టాగే ఉండనీ."

దెబోరా గారు ట్రేలోని తన ముఖాన్ని చూసింది. ఆ ముఖం ఆవిడను చూసింది.

"చెయ్యండి," అంది. "ఈసారి పోయేకాడ నుంచీ నేనుంటా."

ఎదురింటి పిల్ల సైకిలు తొక్కుతూ, ఎప్పుడూ మూసి ఉండే గరాజ్ తెరిచి ఉండటం చూసి కాసేపు ఆగి వెళ్ళిపోయింది. చంద్రిక ప్రింటును జాగ్రత్తగా ఎత్తి నీళ్ళలో వేసింది. కొళాయి తిప్పింది. ఒకసారి ఊపి ఒంపి, రెండోసారి నీళ్ళు పట్టింది. మూడోసారి పడుతుంటే వెనకనుంచి సుందర్ రాజ్ గారు "అమ్మాయ్," అన్నారు.

చంద్రిక బియ్యం మాట కోసం ఎదురు చూసింది.

"గంటా పావు కడుగు," అన్నారాయన. "తొందరేం లేదు."

దెబోరా గారు ఇంకో కుర్చీ లాక్కొని, చల్లారిన టీ కప్పు చేతిలో పెట్టుకొని, నీళ్ళకు ఎదురుగా కూర్చుంది.